సంతకం ఎవరిది, జీతం ఎవరిది: పరాయి సైన్యం వెళ్లిపోయాక జరిగేది

అమలాపురం వైపు నుంచి వచ్చి, ఎదుర్లంక దగ్గర గౌతమి మీది వంతెన దాటితే యానాం. ఏరు అదే, భాష అదే, చుట్టరికాలు చాలావరకు అవతలి ఒడ్డువే. కంటికి వెంటనే తెలిసే తేడా బళ్ల నంబరు పలక: వంతెనకు ఇటు ఏపీ, అటు పీవై 04. ఆ పలక వెనుక 1956 మే 28న భారతదేశం, ఫ్రాన్సు సంతకాలు చేసిన ఒప్పందం ఉంది. 1954 నవంబరు 1కి ముందు ఫ్రెంచి స్థావరాలకు ఉన్న ప్రత్యేక పరిపాలనా హోదా కొనసాగుతుందనీ, దాన్ని మార్చాలంటే ముందుగా అక్కడి ప్రజల అభీష్టం తెలుసుకోవాలనీ అందులో రాసుకున్నారు. కాకినాడకు ఇంత దగ్గరలో ఉన్న ఊరు, వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి కింద నేటికీ ఉండడానికి మూలం అక్కడే ఉంది.

ఏదో ఒక దేశంలో చర్చలు కొలిక్కి వచ్చాయనీ, ఫలానా తేదీకల్లా పరాయి సైన్యం ఖాళీ చేస్తుందనీ వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. యుద్ధం అయిపోయిందని ఒకరు, రేపో మాపో మళ్లీ మొదలవుతుందని ఇంకొకరు. ఇద్దరూ ఆ తేదీనే పట్టుకుని మాట్లాడతారు. గత కాలపు ఒప్పందాలను వరుసగా చూస్తే, ఆఖరి సైనికుడు సరిహద్దు దాటిన రోజు తేల్చింది తక్కువేనని అనిపిస్తుంది. ఒప్పందం రాసుకున్నప్పుడు బల్ల దగ్గర ఎవరికి కుర్చీ వేయలేదు, వెళ్లినవాడి తర్వాత స్థానిక సిపాయికి జీతం ఎవరిస్తారు, మాట తప్పినవాణ్ని నిలదీసే బలం ఎవరికి మిగిలింది అన్న ప్రశ్నలే ఎక్కువసార్లు ఫలితాన్ని నిర్ణయించాయి.

కాల్పులు ఆగడం వేరు, యుద్ధం ముగియడం వేరు

ముందు మాటల సంగతి. కాల్పుల విరమణ అంటే తుపాకులు ఆగాయని మాత్రమే అర్థం. ఎవరి చోట వారు ఉంటారు, తగవు తగవుగానే ఉంటుంది. యుద్ధ విరామ ఒప్పందం అంతకంటే గట్టిది, ఎక్కడ గీత గీయాలో, ఎవరు కాపలా కాయాలో రాసుకుంటారు. కొరియాలో 1953 జూలై 27న జరిగింది అదే, దాని తర్వాత రావలసిన శాంతి ఒప్పందం ఇప్పటికీ రాలేదు. శాంతి ఒప్పందం తగవు మూలాన్ని, అంటే పాలన ఎవరిది, సరిహద్దు ఎక్కడ, ఖైదీల సంగతేమిటి అన్నవాటిని తేల్చాలి. ఉపసంహరణ వీటిలో ఏ దశలోనైనా రావచ్చు. గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది. సైన్యం వెనక్కి వెళ్తోందన్న వార్త విని మూడోది జరిగిందనుకుంటాం, జరిగింది మొదటిదే అయి ఉండవచ్చు.

ఉపసంహరణ అన్న మాటలోనూ మెలిక ఉంది. ఎవరు వెళ్తున్నారన్నది చదివినంత శ్రద్ధగా, ఎవరు ఉండిపోతున్నారన్నది కూడా చదవాలి. 1973 జనవరి 27న పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా సేనలు 60 రోజుల్లో దక్షిణ వియత్నాం వదలాలి, మార్చి 29కల్లా వదిలాయి. దక్షిణాదిలో అప్పటికే పాతుకుపోయిన ఉత్తర వియత్నాం దళాలు వెళ్లాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. ఒప్పందం ఉల్లంఘిస్తే గట్టిగా బదులిస్తామని అధ్యక్షుడు నిక్సన్ సైగాన్ ప్రభుత్వానికి లేఖల్లో హామీ ఇచ్చారు. ఆ హామీ ఒప్పందంలో భాగం కాదు, ఒక మనిషి మాట. 1974 ఆగస్టులో ఆయన పదవే పోయింది, అమెరికా కాంగ్రెసు సాయం కోసింది, 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది.

కృష్ణకు ఆవలికి, పదిహేను రోజుల్లో

దూరదేశాల దాకా పోకుండానే ఇలాంటి ఒప్పందం ఒకటి మన నేల మీద దొరుకుతుంది. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీకి ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను, అంటే అప్పటి జిల్లాలను, అప్పగించాడు. ఎందుకు? బుస్సీ సైన్యానికి జీతాలు ఇవ్వడానికి. అంటే గోదావరి లంకల్లో రైతు కట్టిన శిస్తు ఫ్రెంచి పటాలం బత్తెంగా మారింది.

1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువలోని చందుర్తి దగ్గర, విజయనగరం రాజు ఆనంద గజపతి పిలుపు మీద వచ్చిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పోయింది. సైన్యంతో దగ్గరలోనే దిగి ఉన్న సలాబత్ జంగ్ గాలివాటం చూసి, 1759 మే 14న ఇంగ్లీషువారితో ఒప్పందానికి వచ్చాడు. తన రాజ్యంలో ఉన్న ఫ్రెంచి సైన్యాన్ని పదిహేను రోజుల్లో దేశం దాటిస్తానని, కృష్ణానదికి ఆవలికి పంపిస్తానని, ఇకమీదట వారిని కొలువులో పెట్టుకోనని, సాయానికి పిలవనని అందులో మాట ఇచ్చాడు.

కాగితం మీద ఇది పరాయి సైన్యం ఉపసంహరణే. ఆ సైన్యాన్ని పోషించిన శిస్తు మాత్రం అలాగే ఉంది, దాన్ని వసూలు చేసి శాంతిభద్రతలు నిలబెట్టగల సొంత బలం సలాబత్ జంగ్‌కు లేదు. 1762లో తమ్ముడు నిజాం అలీ అతణ్ని గద్దె దించాడు. అయినా 1763లో ఇంగ్లండు, ఫ్రాన్సు పారిస్‌లో చేసుకున్న ఒప్పందం సలాబత్ జంగ్‌నే దక్కనుకు న్యాయమైన సుబేదారుగా గుర్తించింది. రాసినవారికి అతడు అప్పటికే ఖైదులో ఉన్నాడన్న కబురు అందలేదో, అందినా పట్టలేదో. 1766 నవంబరులో నిజాం అలీ సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి వదిలాడు, బదులుగా కంపెనీ ఏటా సొమ్ము చెల్లించాలి, అవసరమైనప్పుడు నిజాముకు పటాలాన్ని పంపాలి. ఒక పరాయి సైన్యం వెళ్లింది. దాని చోటికి వచ్చిన రెండోది 1947 దాకా కదలలేదు.

బల్ల దగ్గర కుర్చీ లేనివాడు

అఫ్ఘానిస్థాన్‌లో ఒకే తప్పు రెండుసార్లు జరిగిందని కొందరంటారు. తప్పు అన్న మాట పక్కన పెట్టినా పోలిక మాత్రం నిజం. సోవియట్ సేనల ఉపసంహరణ కోసం 1988 ఏప్రిల్ 14న జెనీవాలో సంతకాలు చేసింది అఫ్ఘానిస్థాన్, పాకిస్తాన్ ప్రభుత్వాలు, హామీగా నిలిచింది అమెరికా, సోవియట్ యూనియన్. నేల మీద పోరాడుతున్న ముజాహిదీన్ వర్గాలు ఆ కాగితంలో లేవు. అమెరికా సేనల ఉపసంహరణ కోసం 2020 ఫిబ్రవరి 29న దోహాలో సంతకాలు చేసింది అమెరికా, తాలిబాన్. ఈసారి లేనిది కాబూల్ ప్రభుత్వం.

దోహా ఒప్పందంలో ఒక చిన్న అంశాన్ని దగ్గరగా చూస్తే కుర్చీ లేకపోవడం అంటే ఏమిటో అర్థమవుతుంది. 5,000 మంది వరకు తాలిబాన్ ఖైదీలు విడుదలవుతారని అందులో ఉంది. ఆ ఖైదీలున్నది కాబూల్ ప్రభుత్వం జైళ్లలో. మాట ఇచ్చినవారు ఒకరు, తాళం తీయవలసినవారు ఇంకొకరు. మార్చిలో మొదలు కావలసిన అఫ్ఘాన్ల అంతర్గత చర్చలు ఈ తకరారులో పడి సెప్టెంబరు 12 దాకా మొదలే కాలేదు. ఈలోగా అమెరికా దళాలు తమ లెక్క ప్రకారం తగ్గుతూనే ఉన్నాయి. ప్రతి నెలా ఒక పక్షానికి బేరమాడే బలం తగ్గుతుంటే, రెండో పక్షం తొందరపడవలసిన పని ఏముంటుంది?

కాబూల్ ప్రభుత్వాన్ని కూర్చోబెడితే చర్చలే జరిగేవి కావనీ, ఆ ప్రభుత్వాన్ని గుర్తించబోమన్నది తాలిబాన్ మొదటి షరతనీ ఒప్పందాన్ని సమర్థించేవారు చెబుతారు. అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. కుర్చీ లేనివాడు లేకుండా చర్చలు సులువవుతాయి, అమలు కష్టమవుతుంది, రెండూ నిజమే.

మన సైన్యమే పరాయిదైనప్పుడు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చుట్టుపక్కల జనం మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యంలో చేరడం అక్కడ ఇంటి ఆనవాయితీ. ఇలాంటి ఊళ్లున్న ప్రాంతంలో ఉపసంహరణ గురించి మాట్లాడేటప్పుడు, భారత సైన్యమే విదేశీ సైన్యంగా వెళ్లి వచ్చిన సందర్భాన్ని దాటేయడం సరికాదు.

1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందంపై సంతకాలు చేశారు. ఉత్తర, తూర్పు రాష్ట్రాలను కలిపి అధికారాలు ఇవ్వాలి, తమిళ సాయుధ వర్గాలు ఆయుధాలు అప్పగించాలి, దానికి భారత శాంతి దళం పూచీ. ఎల్టీటీఈ సంతకం అందులో లేదు. సింహళీయుల్లోనూ కోపం ఎంత ఉందంటే, మరునాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ మీద ఒక నావికుడు తుపాకీ మడమ ఎత్తి కొట్టాడు. అక్టోబరుకల్లా శాంతి దళం ఎల్టీటీఈతో యుద్ధంలో దిగవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

విశ్లేషణకు పనికొచ్చే ముక్క ఆ తర్వాతది. 1989లో అధ్యక్షుడు ప్రేమదాస, ఎల్టీటీఈ నాయకత్వం మాటలు కలిపారు. అప్పటిదాకా బద్ధశత్రువులైన ఇద్దరికీ ఉమ్మడి కోరిక ఒక్కటే, భారత సైన్యం వెళ్లిపోవాలి. 1990 మార్చి 24న ట్రింకోమలీ రేవు నుంచి ఆఖరి దళం ఓడ ఎక్కింది. ఆ రోజుతో వారిద్దరినీ కలిపి ఉంచిన కారణం కూడా పోయింది. జూన్‌లో యుద్ధం మళ్లీ మొదలై, 2009 మే దాకా సాగింది. భారత్ అండతో ఏర్పడిన ఉత్తర, తూర్పు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దళాలు వెళ్లక ముందే కూలింది, ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ భారతదేశానికి వచ్చేశారు. దానికి రక్షణగా హడావుడిగా కూడగట్టిన తమిళ జాతీయ సైన్యం ఎల్టీటీఈ ముందు నిలవలేదు.

ఒప్పందం పూర్తిగా వృథా అయిందా అంటే, కాదు. దాని వల్ల వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ, రాష్ట్ర మండళ్లు శ్రీలంక రాజ్యాంగంలో ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనాన్ని మాత్రం అక్కడి సుప్రీంకోర్టు 2006లో కొట్టేసింది. పూచీ పడిన సైన్యం వెళ్లాక కూడా చట్టంలోకి ఎక్కిన ముక్క నిలిచింది, తుపాకీ మీద ఆధారపడిన ముక్క నిలవలేదు.

జీతాల లెక్క

సోవియట్ సేనలు 1989 ఫిబ్రవరి 15న అఫ్ఘానిస్థాన్ వదిలాయి. సేనాని గ్రోమోవ్ అమూ దర్యా మీది వంతెన దాటుతున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. సోవియట్ అండతో నిలిచిన నజీబుల్లా ప్రభుత్వం నెలల్లో పడిపోతుందని చాలామంది జోస్యం చెప్పారు. పడలేదు. మార్చిలో జలాలాబాద్ మీద ముజాహిదీన్ చేసిన పెద్ద దాడిని అతని సైన్యం తిప్పికొట్టింది. మాస్కో నుంచి డబ్బు, ఇంధనం, గోధుమలు, ఆయుధాలు వస్తున్నంత కాలం సైన్యం నిలిచింది, కిరాయి దళాలూ విధేయంగానే ఉన్నాయి. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 జనవరి 1 నుంచి ఆయుధ సాయం ఆగింది. ఉత్తరాన దోస్తుం దళాలు పక్షం మార్చాయి, ఏప్రిల్‌లో కాబూల్ పడిపోయింది. అంటే సైన్యం వెళ్లాక మూడేళ్లకు పైగా నిలిచిన ప్రభుత్వం, సాయం ఆగాక నాలుగు నెలలు నిలవలేదు.

ఎందుకిలా అవుతుందో ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక ప్రభుత్వం ఏడాది ఖర్చు 100 రూపాయలు. సొంత పన్నులు 25, బయటి సాయం 75. సైన్యానికీ పోలీసులకూ 40 పోతే మిగిలిన 60తో బడులు, ఆస్పత్రులు, రోడ్లు నడుస్తున్నాయి. సాయం 75 నుంచి 50కి తగ్గిందనుకుందాం. మొత్తం 75, సైన్యం ఖర్చు తగ్గించలేరు కనుక 40 తీస్తే మిగతా అన్నిటికీ 35. జనంలో అసంతృప్తి, ఉద్యోగుల్లో బకాయిలు మొదలవుతాయి. సాయం పూర్తిగా ఆగితే ఉన్న 25 మొత్తం సిపాయిలకే ఇచ్చినా ఇంకా 15 తక్కువ. అప్పుడు ఓడేది యుద్ధంలో కాదు, జీతాల రోజున. ఇది ఊహాలెక్కే గానీ, 2021కి ముందు అఫ్ఘానిస్థాన్‌లో ప్రభుత్వ వ్యయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నిజంగానే విదేశీ సాయం.

2021లో సైనికులతో పాటు విమానాలకు మరమ్మతులు చేసే విదేశీ మెకానిక్కులు కూడా వెళ్లిపోయారు. కొండల్లోని చౌకీకి తిండి, తూటాలు, క్షతగాత్రులకు దారి అన్నీ ఆకాశం నుంచే. మస్టరులో పేరుండి మనిషి లేని సిపాయిల లెక్క ముందునుంచీ ఉన్నదే. చౌకీలో నెలల తరబడి జీతం లేక కూర్చున్న సిపాయి దగ్గరికి ఊరి పెద్దలు వచ్చి, ఆయుధాలు పెట్టేసి ఇంటికి పో, ప్రాణానికి మాది పూచీ అంటే అతను ఏం చేస్తాడు? చాలా జిల్లాలు అలాగే చేతులు మారాయి. ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది, ఆఖరి అమెరికా విమానం లేచింది ఆగస్టు 30న. ప్రభుత్వం కూలడానికి ఆఖరి సైనికుడు వెళ్లేదాకా ఆగవలసిన పనే లేకపోయింది.

ఒకే ఒప్పందం, రెండు ఫలితాలు

1988 డిసెంబరు 22న న్యూయార్క్‌లో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా కుదుర్చుకున్న ఒప్పందాలు పరీక్షగా చూడదగ్గవి. దక్షిణాఫ్రికా నమీబియా వదలాలి, సుమారు 50,000 మంది క్యూబన్ సైనికులు 27 నెలల్లో అంగోలా వదలాలి. ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు, క్యూబన్లు గడువుకన్నా ముందే 1991 మేలో వెళ్లిపోయారు.

నమీబియాలో ఆరంభం అధ్వానం. అమలు మొదలైన 1989 ఏప్రిల్ 1నే నమీబియా స్వాతంత్య్రం కోసం పోరాడుతున్న స్వాపో దళాలు సరిహద్దు దాటి రావడంతో జరిగిన పోరులో వందల మంది చనిపోయారు. అయినా ఒప్పందం తెగిపోలేదు. దాదాపు 8,000 మందితో ఐక్యరాజ్యసమితి బృందం అక్కడ ఉంది, దాని సైనిక విభాగానికి అధిపతి భారతీయుడైన జనరల్ ప్రేమ్ చంద్. దక్షిణాఫ్రికా సైనికులను 1,500కు తగ్గించి స్థావరాలకే పరిమితం చేశారు, స్థానికులతో ఏర్పరచిన దళాలను ఎన్నికలకు ముందే రద్దు చేశారు. నవంబరు ఎన్నికల్లో స్వాపోకు 72కు 41 స్థానాలు వచ్చాయి. మూడింట రెండు వంతులు రాలేదు కనుక రాజ్యాంగాన్ని మిగతావారితో కూర్చునే రాయవలసి వచ్చింది. 1990 మార్చి 21న దేశం స్వతంత్రమైంది, అంటే ట్రింకోమలీలో మన ఆఖరి ఓడ కదలడానికి మూడు రోజుల ముందు.

అంగోలాలో పరాయివాళ్లు వెళ్లారు, ఇంటి తగవు మిగిలింది. న్యూయార్క్‌లో సవింబి నాయకత్వంలోని తిరుగుబాటు సంస్థ యునిటాకు కుర్చీ లేదు. 1991 మే 31న ప్రభుత్వంతో విడిగా ఒప్పందం కుదిరినా, రెండు సైన్యాలనూ పూర్తిగా రద్దు చేయకముందే 1992 సెప్టెంబరులో ఎన్నికలు జరిగాయి. సవింబి ఫలితాన్ని ఒప్పుకోలేదు. ప్రభుత్వానికి చమురు, యునిటాకు వజ్రాలు; ఎవరి జీతాల పెట్టె వారికి ఉన్నప్పుడు యుద్ధాన్ని బయటివారు ఆపడం కష్టం. 2002లో సవింబి చనిపోయే దాకా అది సాగింది.

తేదీ ముందా, షరతు ముందా

నిపుణుల మధ్య తెగని వాదం ఇది. తేదీ ఖాయం చేయాలనేవారి మాట: గడువు లేకపోతే స్థానిక ప్రభుత్వం ఎప్పటికీ సొంత కాళ్ల మీద నిలబడదు, పరాయి సైన్యం ఉండటమే తిరుగుబాటుకు మేత అవుతుంది, ఇరవై ఏళ్లలో జరగనిది ఇరవై రెండేళ్లలో జరుగుతుందన్న నమ్మకం ఏమిటి? షరతులు నెరవేరాకే వెళ్లాలనేవారి మాట: తేదీ ప్రకటించిన క్షణం నుంచి ఎదుటివాడు చర్చించడు, క్యాలెండరు చూస్తాడు. అఫ్ఘాన్ సాయాన్ని తనిఖీ చేసిన అమెరికా ప్రభుత్వ సంస్థ 2022 మే నివేదికలో, అఫ్ఘాన్ సైన్యం కుప్పకూలడానికి అన్నిటికన్నా ముఖ్య కారణం దోహా ఒప్పందంతో సేనలనూ కాంట్రాక్టర్లనూ వెనక్కి రప్పించే నిర్ణయమేనని తేల్చింది. అదే నివేదిక, ఆ సైన్యాన్ని సొంతంగా నిలబడలేని విధంగా నిర్మించారని కూడా చెప్పింది. రెండు పక్షాలూ తమకు కావలసిన సగం చదువుకున్నాయి.

లంకల్లో ఉండేవారికి తెలుసు, గట్టు జారేది గోదావరి ఎక్కేటప్పుడు కాదు, తీసేటప్పుడు. నీరు నిండుగా ఉన్నంతసేపు ఆ బరువే నానిన ఒడ్డును ఆపుతుంది, వరద చప్పున దిగితే లోపల తడి మిగిలిన మట్టి అరటి తోటతో సహా ఏట్లోకి కూలుతుంది. నా మట్టుకు నాకు ఈ వాదంలో తేదీ, షరతుల కన్నా దిగే వేగం, ఒడ్డు గట్టితనం ముఖ్యమనిపిస్తాయి. ఆస్ట్రియాలో 1955 మే 15న ఒప్పందం కుదిరింది, నాలుగు దేశాల సేనలూ అక్టోబరు 25కల్లా వెళ్లిపోయాయి. అంత వేగంగా దిగినా ఏమీ కూలలేదు, ఎందుకంటే పదేళ్లుగా అక్కడ ఎన్నికైన ఒకే ప్రభుత్వం పన్నులు వసూలు చేస్తూ, జీతాలు ఇస్తూ ఉంది.

యానాంలో విసుగు పుట్టించే నిబంధనలు

యానాం కథ సైన్యం వెళ్లిన కథ కాదు, పరిపాలన వెళ్లిన కథ. చుట్టూ భారతదేశమే ఉన్న చిన్న ఊరిని కాబూల్‌తో పోల్చడం అన్యాయం కూడా. కానీ చర్చలతో పరాయి పాలన ముగిసినప్పుడు కాగితం మీద ఏమేం ఉండాలో చూడటానికి అది బాగా పనికొస్తుంది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు ఊరి పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. అక్టోబరు 18న కీళూరులో స్థావరాల ప్రతినిధులు 178 మందిలో 170 మంది విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన భారత్‌కు వాస్తవంగా బదిలీ అయింది.

చట్టబద్ధమైన బదిలీకి ఇంకా ఎనిమిదేళ్లు పట్టింది. అల్జీరియా యుద్ధం నడుస్తున్నంత కాలం ఫ్రెంచి పార్లమెంటు 1956 నాటి ఒప్పందాన్ని ఆమోదించలేదు, 1962 మార్చిలో అల్జీరియా సంగతి తేలాకే కదిలింది, ఆ ఏడాది ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఆ ఎనిమిదేళ్లూ రెండు దేశాలకూ ఆ ఊళ్ల కోసం తగవు పెట్టుకోవలసిన పని లేకపోయింది, ఎందుకంటే నవంబరు 1 నుంచి జీతాలు ఇస్తున్నది, పన్ను వసూలు చేస్తున్నది ఒకే ప్రభుత్వం.

ఆ ఒప్పందం చదవడానికి విసుగ్గా ఉంటుంది. ఉద్యోగుల కొనసాగింపు, పింఛన్లు, బడులు, ప్రజాప్రతినిధులు వేరేగా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉండటం, ఇలా వరసగా సాగుతుంది. పౌరసత్వం నిబంధన కూడా అలాంటిదే: అక్కడ పుట్టి అక్కడే ఉంటున్నవారు భారతీయులవుతారు, ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవారు అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఆరు నెలల్లో కాగితం రాసి ఇచ్చిన కుటుంబాల వారసులు పుదుచ్చేరిలో ఇప్పటికీ వరసలో నిలబడి ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేస్తున్నారు.